ఇందూరుకు పోయొద్దాం పదండి

చలి ముదిరింది, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. పిల్లలకు సెలవులు వచ్చినప్పుడు ఒక్క రోజు రైలెక్కి ఏదైనా పాత నగరం చూసి రాత్రికి ఇల్లు చేరాలని మీరు అంటున్నారు కదా. మంచి ఆలోచన. అయితే నేను ముందు అడిగేది ఒకటే: కామారెడ్డి నుంచి లింగంపేటకు ఆఖరి బస్సు ఎన్నింటికి? ఏ బండి ఎక్కాలో, ఏ గుడి చూడాలో, ఎక్కడ తినాలో తర్వాత మాట్లాడుకుందాం. మన ఊరికి రైలు లేదు. మన స్టేషన్ కామారెడ్డి. అక్కడ దిగాక ఎల్లారెడ్డి వైపు పోయే బస్సు దొరికితేనే ప్రయాణం పూర్తయినట్టు. ముసలి తల్లినీ నిద్రపోతున్న పిల్లనీ వెంటపెట్టుకుని రాత్రిపూట బస్టాండులో నిలబడితే, పగలంతా చూసిన కోటలూ గోపురాలూ ఎవరికీ గుర్తుండవు.

అందుకే నేను రోజును చివరి నుంచి వెనక్కి లెక్క వేస్తాను. ముందు ఆ బస్సు టైము. స్టేషన్ నుంచి బస్టాండుకు చేరడానికి అరగంట. బండి ఆలస్యం కావచ్చు గనుక ఇంకో గంట. అంతకు ముందు కామారెడ్డికి వచ్చే బండి ఏదో అదే మన తిరుగు బండి. ఆ బండి ఖాయమైతే నగరంలో మన చేతికి ఎన్ని గంటలు వస్తాయో తెలుస్తుంది. ఆ గంటలకు సరిపడా చూడాల్సినవి ఎంచుకోవాలి గానీ, చూడాల్సినవాటి చిట్టా ముందు రాసుకుని గంటలను దానికి సరిపెట్టాలని చూస్తే పరుగే మిగులుతుంది. బండ్ల వేళలు మారుతుంటాయి, కాబట్టి ఎవరో చెప్పిన టైము పట్టుకుని బయలుదేరకండి. వెళ్లే ముందు రోజు రైల్వే యాప్‌లోనో, కామారెడ్డి స్టేషన్‌లోనో చూసుకోండి.

మా అక్క బిడ్డ రోమ్‌లో చదువుకుంటోంది. మన వైపు పిల్లలు ఇప్పుడు ఇటలీ దాకా పోతున్నారు. పోయిన చలికాలంలో ఒక రాత్రి ఫోన్ చేసింది.

"మామా, ఆదివారం పొద్దుగాల పోయి మాపటికి రావాలె. ఫ్లోరెన్స్ పోనా, నేపుల్స్ పోనా?"

"రెండూ పెద్ద ఊర్లే గద బిడ్డా. ఒక్క పూటల ఏం చూస్తవ్? చిన్నది చెప్పు."

"ఓర్వియేటో అని ఒకటున్నది. గుట్ట మీది ఊరు. గండ్ల ఒక పెద్ద బావి ఉన్నదట మామా, మెట్లు దిగి పోవుడే. మన నాగన్న బావి యాదికొచ్చింది."

"గట్లయితే గదే పో."

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని, తను రోమ్‌లో, నేను లింగంపేటలో, ఆ ఒక్క రోజుకు ఎంత శ్రద్ధగా లెక్క వేశామో చెబుతాను. రోమ్ తెర్మిని స్టేషన్ నుంచి ఫ్లోరెన్స్ వైపు పోయే ప్రాంతీయ బండి ఎక్కితే గంటంబావు, గంటన్నరలో ఓర్వియేటో వస్తుంది. మెరుపులా పోయే పెద్ద బండ్లు చాలామటుకు అక్కడ ఆగవు, కాబట్టి నిదానంగా పోయే బండే చూసుకోవాలి. టికెట్ కాగితానిదైతే బండెక్కే ముందు ప్లాట్‌ఫాం మీద ఉండే చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే జరిమానా. ముద్ర పడ్డాక నాలుగు గంటలే చెల్లుతుంది. మన దగ్గరా ఇలాంటి నియమం ఒకటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు: రెండు వందల కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ కొన్న మూడు గంటల్లో ప్రయాణం మొదలుపెట్టాలి. పొద్దున కొన్న టికెట్ జేబులో ఉంది కదా అని సాయంత్రం దాని మీద తిరిగి రావడం కుదరదు. తిరుగు టికెట్ తిరిగి వచ్చేటప్పుడే కొనాలి, క్యూ ఉంటుంది గనుక దానికీ పావుగంట పక్కన పెట్టాలి.

ఓర్వియేటోలో స్టేషన్ కింద, ఊరు పైన. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి రాయిగా మారిన బల్లపరుపు గుట్ట మీద ఊరంతా నిలబడి ఉంది. రోమన్ల కంటే ముందు ఎట్రుస్కన్లు అక్కడ ఉండేవాళ్లు. స్టేషన్ బయటే తాడుతో లాగే చిన్న బండి ఉంటుంది, అది నిటారుగా గుట్ట ఎక్కిస్తుంది. 1888లో మొదలైనప్పుడు అది నీటి బరువుతో నడిచేదట, ఇప్పుడు కరెంటుతో నడుస్తోంది. ఆదివారం పొద్దున పెద్ద చర్చిలో ప్రార్థనలు ఉంటాయి గనుక ముందు బావి, తర్వాత చర్చి అనుకున్నాం. చలికాలంలో అక్కడ ఐదు కాకముందే చీకటి పడుతుంది, కాబట్టి బయట తిరగాల్సిందంతా నాలుగు లోపలే. ఆ చర్చి కట్టడం 1290లో మొదలైంది. నల్ల బసాల్టు రాయి ఒక వరస, తెల్ల రాయి ఒక వరస. లోపల ఒక మందిరంలో లూకా సిన్యొరెల్లి అనే చిత్రకారుడు 1499 నుంచి 1504 వరకు గోడల నిండా లోకాంతం బొమ్మలు వేశాడు. మా పిల్ల ఆ గదిలోనే గంటసేపు కూర్చుందట. నాకు సంతోషమైంది.

ఇక బావి సంగతి. 1527లో శత్రు సైన్యం రోమ్‌ను దోచుకున్నప్పుడు పోపు ఏడవ క్లెమెంట్ పారిపోయి ఓర్వియేటోలో తలదాచుకున్నాడు. గుట్ట మీద ఊరు భద్రమే గానీ శత్రువు చుట్టుముట్టి కూర్చుంటే నీళ్లెక్కడివి? అందుకని ఆంతోనియో ద సంగాల్లో అనే వాస్తుశిల్పితో బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 1537 నాటికి, తర్వాతి పోపు కాలంలో, పూర్తయింది. యాభై మీటర్లకు పైగా లోతు. బావి చుట్టూ గోడలో రెండు మెట్ల దారులు ఒకదాన్నొకటి పెనవేసుకుని దిగుతాయి, ఒక్కోదానికి 248 మెట్లు. ఒక దారిన కంచరగాడిదలు ఖాళీ కుండలతో దిగేవి, అడుగున నీళ్లు నింపుకుని చిన్న వంతెన దాటి ఇంకో దారిన ఎక్కేవి. ఎక్కేదీ దిగేదీ ఎక్కడా ఎదురుపడవు. లోపలి గోడకు డెబ్బై దాకా కిటికీలు, పై నుంచి వచ్చే వెలుతురు వాటిలోంచి మెట్ల మీద పడుతుంది.

ఆమె పంపిన ఫోటోలు చూసి మన పిల్లలను లింగంపేటలోని నాగన్నగారి బావి దగ్గరికి తీసుకుపోయాను. మన బావి 18వ శతాబ్దానిది. పాపన్నపేట సంస్థానానికి చెందిన జక్సాని నాగన్న కట్టించాడని చెబుతారు. ఎన్నో ఏళ్లు పూడికతో, ముళ్లపొదలతో నిండి ఉండేది. హైదరాబాదులో బన్సీలాల్‌పేట మెట్ల బావిని బాగు చేయించిన కల్పనా రమేష్ గారి రెయిన్‌వాటర్ ప్రాజెక్టు ఈ బావిని కూడా చేతికి తీసుకున్నాక మళ్లీ మెట్లు, కమానులు బయటపడ్డాయి. ఓర్వియేటో బావి సన్నగా నేలలోకి దూసుకుపోతే, మనది వెడల్పుగా విచ్చుకుని మనిషిని మెట్టు మెట్టుగా కిందికి పిలుస్తుంది. ముట్టడి వస్తుందని కట్టింది కాదు. వానాకాలం నీళ్లు పైకి వస్తే పై మెట్టు మీద కుండ ముంచుకోవడం, ఎండాకాలం దిగిపోతే ఇంకో పది మెట్లు దిగడం. నీటి మట్టం ఎక్కడుంటే మనిషి అక్కడికి పోయేలా కట్టిన బావి. కమాను కింద మధ్యాహ్నం ఎండలోనూ చల్లగా ఉంటుంది, ఆడవాళ్లు బిందెలు దించి కాసేపు కూర్చోవడానికి అంతకంటే ఏం కావాలి? ఇంత మంచి కట్టడం ఊళ్లో పెట్టుకుని, బయటివాళ్లు ఏం చూడాలని అడిగితే నిజాంసాగర్ వైపు చెయ్యి చూపడం నాకు బాధగా ఉంటుంది. నిజాంసాగర్ చూడాల్సిందే, కానీ ఈ బావి చూసి పోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇటలీలో ఒక ఊరు చూడటానికి మా పిల్ల రాత్రంతా కూర్చుని బండ్లు, గంటలు, సెలవులు, మెట్లు అన్నీ లెక్కేసింది. మన కామారెడ్డి నుంచి గంట అటూఇటూ ప్రయాణంలో ఇందూరు, అదే నిజామాబాద్, ఉంది. దానికి మాత్రం మనం ఆస్పత్రి పనికో, కలెక్టరేట్ పనికో, పెళ్లి బట్టలకో పోయి, పని అయ్యాక మిగిలిన అరగంటలో "ఖిల్లా దాకా పోదామా" అనుకుని, ఎండ ఎక్కువైందని వెనక్కి తిరిగి వస్తాం. ఓర్వియేటోకు ఇచ్చినంత శ్రద్ధ ఇందూరుకు ఒక్క రోజు ఇవ్వండి. ఎంత ఇస్తుందో చూడండి.

బండి పొద్దున్నదే ఎక్కాలి. ఈ దారి నిజాం కాలంలో వేసింది. హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే అని, సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటరు గేజి, 1899 నుంచి 1901 మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. మీ ఇంట్లో అరవై దాటినవాళ్లు ఉంటే తప్పకుండా వెంట తీసుకుపోండి. ఆ చిన్న పెట్టెల అజంతా ఎక్స్‌ప్రెస్ సంగతులు వాళ్లకు గుర్తుంటాయి. ఈ శతాబ్దం మొదట్లో బ్రాడ్‌గేజి వచ్చాక పిల్లలకు ఆ చిన్న పెట్టెలే తెలియవు. కామారెడ్డి దాటాక ఉప్పల్‌వాయి, తర్వాత సిర్నాపల్లి. అక్కడ కాసేపు అడవి, గుట్టలు దగ్గరికి వస్తాయి, కిటికీ పక్క సీటు దొరికితే పిల్లలకు ఇవ్వండి. సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన రాణి జానకీబాయి ప్రయత్నం వల్లే రైలు ఈ వైపుగా వచ్చిందని ఇందూరు వైపు పెద్దలు చెప్పుకుంటారు. పిల్లలకు ఆ కథ అక్కడే చెప్పాలి, ఇంట్లో చెబితే వినరు. తర్వాత ఇందల్వాయి, డిచ్‌పల్లి, ఆపైన నిజామాబాద్.

దిగగానే ఆటో మాట్లాడుకుని నేరుగా ఖిల్లాకు పోండి. టీ కూడా తర్వాతే. గుట్ట ఎక్కాలి కదా, ఎండ ఎక్కకముందే ఎక్కాలి. ఈ కోట మూలాలు రాష్ట్రకూటుల నాటివని చరిత్రకారులు చెబుతారు. తర్వాత ఎందరి చేతులో మారి చివరికి ఆసఫ్‌జాహీలకు దక్కింది. పైన రఘునాథాలయం. ఆ గుడికి సమర్థ రామదాసు పేరు, శివాజీ పేరు ముడిపెట్టి చెబుతారు. దర్శనం చేసుకుని వెంటనే దిగిపోకండి. బురుజు పక్కన నిలబడి చుట్టూ చూడండి, ఒక వైపు రఘునాథ చెరువు, ఇంకో వైపు ఊరు. ఇందూరు ఎందుకు ఇక్కడ పుట్టిందో పై నుంచి చూస్తే అర్థమవుతుంది. చెరువు, గుట్ట, చుట్టూ పంట భూమి. బడి పుస్తకంలో చదివిన రాజుల పేర్ల కంటే ఆ ఒక్క చూపు పిల్లలకు ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

ఖిల్లాలో నేను ఎక్కువసేపు ఉండమని అడిగేది మాత్రం జైలు దగ్గర. నిజాం ప్రభుత్వం ఈ కోటలోనే జైలు పెట్టింది. 1947–48 రోజుల్లో కవి దాశరథి కృష్ణమాచార్యను తెచ్చి ఇక్కడ బంధించారు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అప్పుడు ఇక్కడే ఖైదీ. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి గోడల మీద పద్యాలు రాశాడు. జైలువాళ్లు చెరిపేవాళ్లు, మళ్లీ రాసేవాడు. అప్పుడు ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను ఆయన ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చాడు. ఆళ్వారుస్వామి తక్కువవాడా? ఇళ్లలో వంటవాడిగా బతికి, చదువు నేర్చుకుని, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేసి జనం చేతికి ఇచ్చినవాడు. ఆయన జైలు బతుకు 'జైలు లోపల' కథల్లోకి వచ్చింది. ఈ ప్రయాణానికి ముందు మన ఊరి లైబ్రరీలో ఆ రెండు పుస్తకాల్లో ఏదైనా దొరికితే రెండు రోజుల ముందే ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. అప్పుడు ఆ గోడ ముందు నిలబడటం వేరేగా ఉంటుంది. సిన్యొరెల్లి బొమ్మల గదిలో మా పిల్ల కూర్చున్నట్టు మీ పిల్లలు ఆ గోడ ముందు కాసేపు కూర్చోవాలని నా కోరిక. అక్కడ బొమ్మలు మిగిలాయి, ఇక్కడ చెరిపేసినా పద్యాలు మిగిలాయి, జనం నోట.

పదకొండు, పన్నెండు దాటితే దిగిపోండి. సద్ది కట్టుకుని పోయారా, గుట్ట కింద చెరువు గట్టున నీడ చూసుకుని విప్పండి. జొన్నరొట్టె, పల్లీల పచ్చడి, పులిహోర, నాలుగు సకినాలు ఉంటే హోటల్ అక్కర్లేదు. హోటల్లో తింటే మాత్రం గంట పోతుందని లెక్కలో రాసుకోండి. తర్వాత తిలక్ గార్డెన్‌లో పురావస్తు మ్యూజియం ఉంది. శిల్పాలు, పాత ఆయుధాలు, బిద్రీ పని. సెలవు రోజు ఏదో ముందే అడిగి తెలుసుకోండి, తలుపు మూసి ఉంటే పిల్లల ముఖాలు చూడలేం. ఇంట్లో పసుపు అయిపోవచ్చినట్టయితే ఇందూరులో కొనండి. ఫిబ్రవరి, మార్చిలో మార్కెట్ యార్డు పసుపు కుప్పలతో నిండిపోతుంది. జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా 2025లో ఇక్కడే పెట్టారు.

ఇక్కడ మీరు తప్పకుండా అడుగుతారు, డిచ్‌పల్లి రామాలయం సంగతేమిటని. దారిలోనే ఉంది కదా, అదీ చూసేస్తే పోలా అని. వద్దంటాను. డిచ్‌పల్లికి ఒక రోజు విడిగా కావాలి. చిన్న గుట్ట మీద వందకు పైగా మెట్లెక్కితే కాకతీయుల కాలపు గుడి, ఇందూరు ఖజురహో అంటారు. గోడల మీద, స్తంభాల మీద శిల్పం అంత దట్టంగా ఉంటుంది, ఒక్కో మూల ముందు నిలబడి చూడాలి. సాయంత్రం అలసిపోయిన కాళ్లతో ఎక్కితే ఫోటో తీసుకుని దిగిపోతారు. పైగా ఎక్స్‌ప్రెస్ బండ్లన్నీ డిచ్‌పల్లిలో ఆగవు, తిరుగు లెక్క తప్పుతుంది. అక్కడ ఇంకోటి కూడా చూడాలి. 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరు, ఆమె భర్త జార్జి కలిసి కుష్ఠు రోగుల కోసం పెట్టిన ఆస్పత్రి. ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొట్టినవాళ్లను వాళ్లు దగ్గరికి తీశారు. ఇందూరుకు చెందిన రాజా నర్సాగౌడ్ దానికి విరాళం ఇచ్చాడు. మతం వేరు, దేశం వేరు అయిన ఇద్దరి పని మీద మన వైపు షావుకారు ఒకాయన నమ్మకం పెట్టిన చోటు అది. దాన్ని కూడా రామాలయం చూసిన రోజే చూడాలి, వేరే పని పెట్టుకోకుండా.

తిరుగు బండికి ముప్పావుగంట ముందే స్టేషన్‌లో ఉండండి. ప్లాట్‌ఫాం మీద కూర్చుని పిల్లలను అడగండి, ఇవాళ చూసినవాటిలో ఏది బాగుందని. వాళ్లు దారిలో కనబడ్డ కోతులంటే కోతులనే చెప్పనివ్వండి.

ఏ రోజు పోవాలంటే, శ్రీరామనవమి నాడు మాత్రం ఇంటిల్లిపాదితో వద్దు. ఖిల్లా మీద నిలబడటానికి చోటుండదు, గోడలు చూసే తీరిక అసలే ఉండదు. ఎండాకాలం సెలవుల్లో రాయి కాలుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. మాఘంలో రథసప్తమికి కుదిరితే ఇంకా మంచిది. ఇందూరులోనే ఉన్న కంఠేశ్వరంలో నీలకంఠేశ్వరుని రథోత్సవం ఆ రోజే. అప్పుడు మ్యూజియం వదిలేయండి. పొద్దున ఖిల్లా, మధ్యాహ్నం కంఠేశ్వరం. రథం చూసే జనంలో చిన్నపిల్లల చెయ్యి వదలకండి, ఆటోలు దొరకడం కష్టం గనుక స్టేషన్‌కు మామూలు కంటే గంట ముందే బయలుదేరండి.